60 డిగ్రీల ఫాల్ట్ దగ్గర ఛానెల్ వేవ్ రిఫ్లెక్షన్ ఎందుకు పడిపోతోంది? (బొగ్గు సీమ్ మోడలింగ్)

శ్రీకర్_ఎంటెక్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బొగ్గు సీమ్‌లో (పొరలో) ముందున్న ఫాల్ట్‌ను, అంటే పొరలు తెగి జరిగిన చోటును, సీమ్ వెంటే సాగే సైస్మిక్ తరంగాలతో (ఛానెల్ వేవ్‌లతో) పట్టుకోవడం నా ప్రాజెక్టు. గనిలోకి దిగడం, పరికరాలు, అనుమతులు తర్వాత చూద్దాం, ముందు కంప్యూటర్‌లో చేసి చూపించమన్నారు మా గైడ్.

మోడల్ సింపులే. 3 మీటర్ల సీమ్, పైనా కిందా ఒకే సాండ్‌స్టోన్. బొగ్గులో ఎస్ (అడ్డంగా ఊగే షియర్) తరంగ వేగం 1100 మీ/సె, సాంద్రత 1.35 గ్రా/ఘ.సెం.మీ. రాయిలో 2200, 2.5. టూ-డీ నిలువు కోత, ఎస్‌హెచ్ (కదలిక ఈ కోతకి లంబంగా ఉండే ఎస్) తరంగాలు మాత్రమే. స్టాగర్డ్ గ్రిడ్, నాలుగో ఆర్డర్ ఫైనైట్ డిఫరెన్స్ (తరంగ సమీకరణాన్ని గడులుగా కోసి లెక్కించే పద్ధతి), గడి 25 సెంటీమీటర్లు, టైమ్ స్టెప్ 0.05 మిల్లీసెకన్లు. సోర్సు సీమ్ మధ్యలో, 200 హెర్ట్జ్ రికర్ వేవ్‌లెట్ (చిన్న పల్స్). రిసీవర్లు కూడా సీమ్ మధ్యలోనే. 150 మీటర్ల అవతల ఫాల్ట్, త్రో (పొర నిలువుగా జరిగిన దూరం) 4 మీటర్లు. అంటే సీమ్ పూర్తిగా తెగినట్టే.

ఫాల్ట్ నిట్టనిలువుగా పెడితే 0.33 సెకన్ల దగ్గర రిఫ్లెక్షన్ బ్రహ్మాండంగా వస్తోంది. అదే ఫాల్ట్‌ను 60 డిగ్రీలకు వాల్చగానే చాలా భాగం మాయం. త్రో మార్చలేదు, ఇంకేదీ మార్చలేదు. వాలు గీత గ్రిడ్‌లో మెట్లు మెట్లుగా వస్తుంది కాబట్టి శక్తి అక్కడ చెదిరిపోతోందా? లేక నిజంగానే ఇంతేనా?

గ్రిడ్‌రాక్షసుడు | సోమవారం, రాత్రి 10:15

మెట్ల మీద నాకూ అనుమానం తక్కువే, కానీ ఊరికే నమ్మొద్దు. గడి సగానికి తగ్గించి మళ్లీ నడుపు. టూ-డీలో గడులు 4 రెట్లు, టైమ్ స్టెప్పులు 2 రెట్లు, మొత్తం పని 8 రెట్లు. లాప్‌టాప్ కాస్త వేడెక్కుతుంది, అంతే. 12.5 సెంటీమీటర్లకీ అదే జవాబు వస్తే మెట్లు నిర్దోషులు.

ఇంకో రెండు అడుగుతా. సరిహద్దు గడుల్లో షియర్ మాడ్యులస్ (అడ్డంగా వంచితే ఎదిరించే గట్టితనం) ఎలా ఇచ్చావు? సగటు తీసేటప్పుడు మాడ్యులస్‌కి హార్మోనిక్, సాంద్రతకి మామూలు సగటు. ఇది తప్పితే సీమ్ మందం అర గడి అటూ ఇటూ జరిగినట్టు ప్రవర్తిస్తుంది. రెండోది, సీమ్ పైనా కిందా రాయి ఎంత ఉంచావు?

శ్రీకర్_ఎంటెక్ | సోమవారం, రాత్రి 10:32

హార్మోనిక్ సగటే అన్నా. రాయి పైన 30, కింద 30 మీటర్లు, ఆ తర్వాత పీఎంఎల్ (అంచుకొచ్చిన తరంగాన్ని తిప్పి పంపకుండా పీల్చేసే పొర). గడి సగం చేసిన రన్ ఇప్పుడే పెడుతున్నా, పొద్దున చెప్తా.

తరంగిణి | సోమవారం, రాత్రి 11:05

30 మీటర్లు ఒక రకంగా చాలు, ఒక రకంగా చాలదు. నీ అంకెలతోనే డిస్పర్షన్ (ఫ్రీక్వెన్సీని బట్టి వేగం మారడం) సమీకరణం వేసి చూశాను. గ్రూప్ వేగం (తరంగ గుంపు, దాని శక్తి సాగే వేగం) అన్నిటికన్నా తగ్గే చోటు, అంటే ఎయిరీ ఫేజ్, సుమారు 230 హెర్ట్జ్ దగ్గర వస్తోంది. వేగం 900 మీ/సె చిల్లర. నీ 0.33 సెకన్లు అక్కడివే: రానూపోనూ 300 మీటర్లు, 900 వేగం. ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం రాతిలోకి ఒకటిన్నర మీటరు వెళ్లేసరికే మూడో వంతుకు దగ్గరగా తగ్గిపోతుంది. దానికి 30 మీటర్లు ఎక్కువే.

50 హెర్ట్జ్ సంగతి వేరు. అక్కడ అదే తగ్గుదలకు దాదాపు 75 మీటర్లు పడుతుంది. తరంగం పేరుకే సీమ్‌లో ఉంటుంది, ఒళ్లంతా రాతిలోనే. నీ పీఎంఎల్ దాన్ని మింగేస్తుంది. 200 హెర్ట్జ్ రికర్‌లో 50 దగ్గర శక్తి తక్కువే కాబట్టి నీ సమస్యకు ఇది కారణం కాదు. కానీ రేపు తక్కువ ఫ్రీక్వెన్సీ సోర్సు పెట్టినప్పుడు గుర్తుంచుకో.

అసలు ప్రశ్న గురించి నాకో ఊహ ఉంది. గడి సగం రన్ రానీ, చెప్తాను.

నిశ్శబ్దపాఠకురాలు | మంగళవారం, ఉదయం 7:20

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి, నేను ఫిజిక్స్ డిగ్రీ విద్యార్థిని. తరంగం సీమ్‌లోనే ఎందుకు ఉండిపోతుంది? రాయి గట్టిది కదా, గట్టిదాంట్లో ఇంకా బాగా పోవాలి కదా?

తరంగిణి | మంగళవారం, ఉదయం 8:02

బాగానే పోతుంది, ఆ బాగా పోవడమే కారణం. వేగం తక్కువున్న బొగ్గులోంచి వేగం ఎక్కువున్న రాతిలోకి ఏటవాలుగా వెళ్లబోయే తరంగం, కోణం ఒక హద్దు దాటితే పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. శ్రీకర్ అంకెల ప్రకారం ఆ హద్దు 30 డిగ్రీలు, ఎందుకంటే వేగాల నిష్పత్తి సరిగ్గా సగం. రూఫ్‌కి (సీమ్ పై రాయికి) తగిలి కిందకి, ఫ్లోర్‌కి (కింది రాయికి) తగిలి పైకి, ఇలా రెండు గట్ల మధ్య కాలువ నీళ్లలా సీమ్ వెంటే సాగుతుంది. దాన్నే ఛానెల్ వేవ్ అంటాం. పైకీ కిందకీ పోయిన ప్రతి కిరణమూ మిగతావాటితో కలిసిరావాలి కాబట్టి ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో వేగం వస్తుంది. డిస్పర్షన్ అక్కడి నుంచే పుడుతుంది.

బొగ్గు సీమ్ ఇలా తరంగాలను మోసుకుపోతుందని న్యూజిలాండ్‌లో ఎవిసన్ 1955లో చూపించాడు. దాంతో గనిలో ముందున్న ఫాల్ట్ వెతకొచ్చని జర్మనీలో క్రే 1963లో రాశాడు. తర్వాత ఒక పాతికేళ్లు రూర్ ప్రాంతం, బ్రిటన్ గనులు దీనికి బడి లాంటివి. ఇప్పుడు ఆ రెండు చోట్లా లోతు గనులు మూతపడ్డాయి. బ్రిటన్‌లో కెల్లింగ్లీ 2015లో, జర్మనీలో ప్రాస్పర్-హానియెల్ 2018లో. నేనుండే ఊళ్లో పాత ప్రొఫెసర్లు ఈ మాట వస్తే కాస్త దిగులుగానే మాట్లాడతారు. ఈ పని జోరుగా సాగేది ఇప్పుడు చైనాలో.

శ్రీకర్_ఎంటెక్ | మంగళవారం, ఉదయం 9:10

రన్ వచ్చింది. 12.5 సెంటీమీటర్ల గడికీ రిఫ్లెక్షన్ అదే. రెండు ట్రేసులు ఒకదానిమీద ఒకటి పెడితే తేడా కంటికి కనపడడం లేదు. మెట్లు కాదన్నమాట. తరంగిణి గారూ, మీ ఊహ చెప్పండి.

తరంగిణి | మంగళవారం, ఉదయం 9:48

ఒక కాగితం మీద 3 మీటర్ల సీమ్ గీసి, దాన్ని 60 డిగ్రీల గీతతో తెంపు. బొగ్గు చివర పై అంచుకీ కింది అంచుకీ అడ్డంగా ఎంత తేడా? 3ని టాన్ 60తో భాగిస్తే 1.7 మీటర్లు. తరంగం వెళ్లి తిరిగి రావాలి కాబట్టి దారి తేడా 3.5. ఎయిరీ ఫేజ్ దగ్గర ఫేజ్ వేగం (ఒక్కో శిఖరం సాగే వేగం) 1500 పైచిలుకు, అంటే తరంగదైర్ఘ్యం ఆరున్నర మీటర్లు. నీ 3.5 దాంట్లో దాదాపు సగం! పై అంచు నుంచి వచ్చేదీ కింది అంచు నుంచి వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నిలువు ఫాల్ట్‌కి ఈ బాధ లేదు, అన్నీ ఒకేసారి తిరుగుతాయి.

ఇంకొకటి. వాలిన ముఖం మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టే పక్కకి తిరుగుతుంది. అందులో కొంత హద్దు కోణం లోపలికి వచ్చి రాతిలోకి పారిపోతుంది. నీ స్నాప్‌షాట్‌లలో ఫాల్ట్ నుంచి రూఫ్ వైపో ఫ్లోర్ వైపో రాతిలో ఒక వంపు తరంగం పోతూ కనిపించాలి.

మూడోదే నాకు ఎక్కువ ఆసక్తి. నిలువు ఫాల్ట్‌తో పోలిస్తే వాలు ఫాల్ట్ ముఖానికి పైకీ కిందకీ సమానత లేదు. నీ సీమ్‌లో మొదటి అసౌష్ఠవ మోడ్ (పైసగం, కిందిసగం ఎదురెదురు దిశల్లో ఊగే తీరు) 212 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. అంటే నీ బ్యాండ్ లోపలే. ఫాల్ట్ దగ్గర శక్తి కొంత ఆ మోడ్‌లోకి మారి తిరిగొస్తుంది. కానీ ఆ మోడ్‌కి సీమ్ నడిమి గీత మీద కదలిక సున్నా. నీ రిసీవర్లన్నీ సరిగ్గా అక్కడే పెట్టావు!

రిసీవర్లను రూఫ్‌కి అర మీటరు కిందకి జరిపి చూడు. 0.33 కన్నా ముందే, 0.25 చుట్టుపక్కల ఏదైనా కనపడుతుందేమో. కటాఫ్‌కి (మోడ్ మొదలయ్యే ఆ 212 హెర్ట్జ్‌కి) దగ్గరలో ఆ మోడ్ వేగంగా పోతుంది.

గ్రిడ్‌రాక్షసుడు | మంగళవారం, ఉదయం 10:05

ఇది బాగుంది. సీమ్‌లో అడ్డంగా, రూఫ్ నుంచి ఫ్లోర్ దాకా ప్రతి గడిలో ఒక రిసీవర్ పెట్టు. నడిమి గీతకి పైనా కిందా సమాన దూరంలో ఉన్నవాటిని కూడితే సౌష్ఠవ మోడ్‌లు, తీసేస్తే అసౌష్ఠవ మోడ్‌లు. కంప్యూటర్‌లో రిసీవర్లకి డబ్బులు అడగరు.

గనిమామ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను గోదావరిఖని దిక్కు ఓవర్‌మన్‌గ (గనిల షిఫ్ట్ చూసే అధికారిగ) చేసి రిటైర్ అయిన. మీ మోడ్‌లు, సమీకరణాలు నాకు తెల్వయి గని ఫాల్ట్‌లు మస్తు చూసిన. ఒక మాట జెప్త. మీరు గీసిన ఫాల్ట్ కత్తితోని కోసినట్టు ఉన్నది. బాయిల (గనిల) అట్ల ఉండదు తమ్మీ. ఫాల్ట్ ఇంక దూరమున్నదనంగనే బొగ్గు మెత్తగైతది, చేతిల పిండి పిండి అయితది. రూఫ్‌ల స్లిప్పులు (నున్నగ జారిన పగుళ్లు) కనవడుతయి, కొన్ని చోట్ల నీళ్లు కారుతయి. సీమ్ చివర ఒంగి ఉంటది, దాన్ని డ్రాగ్ అంటరు. ఫాల్ట్ ఒక్క గీత కాదు, పక్కపక్కన చిన్నచిన్నయి నాలుగైదు ఉంటయి. అన్నీ కలిస్తే 4 మీటర్లు అయితయి, ఒక్కొక్కటి ఒక మీటరే.

గట్ల పెట్టి చూడు, అప్పుడు నీ కంప్యూటర్ ఏం జెప్తదో.

తరంగిణి | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మామయ్యా, ఈ థ్రెడ్‌లో ఇంతవరకూ వచ్చిన వాటిలో ఇదే అన్నిటికన్నా పనికొచ్చే మాట. ఒక మీటరు చొప్పున మెట్లుగా దిగే ఫాల్ట్‌లో ఏ మెట్టు దగ్గరా సీమ్ పూర్తిగా తెగదు, 3లో 2 మీటర్లు ఎదురెదురుగానే ఉంటాయి. తరంగం ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెం పోగొట్టుకుంటూ దాటేస్తుంది. రిఫ్లెక్షన్ నాలుగు చోట్ల నుంచి చెల్లాచెదురుగా వస్తుంది. మొత్తం త్రో అదే అయినా రికార్డు వేరు.

పిండి బొగ్గు కూడా ముఖ్యమే. అందులో వేగం తక్కువ, అటెన్యుయేషన్ (శక్తి హరించుకుపోవడం) చాలా ఎక్కువ. రెండు మీటర్ల మెత్తటి బొగ్గు ఫాల్ట్ ముందు ఉంటే పై ఫ్రీక్వెన్సీలు పోతాయి, రిఫ్లెక్షన్ మొద్దుబారుతుంది. శ్రీకర్, నీ మోడల్ పూర్తి ఎలాస్టిక్ కదా? కనీసం చివర్లో ఒక విస్కోఎలాస్టిక్ (ఆ శక్తి నష్టాన్ని కూడా లెక్కించే) రన్ పెట్టు. బొగ్గుకి క్యూ విలువ (ఎంత తక్కువైతే నష్టం అంత ఎక్కువ) కొన్ని పదుల్లోనే ఉంటుంది. 300 మీటర్ల దారిలో 230 హెర్ట్జ్ తరంగం ఎన్ని సైకిళ్లు తిరుగుతుందో లెక్కవేస్తే ఆ ప్రభావం నీకే తెలుస్తుంది.

ధన్‌బాద్_పాతకాపు | మంగళవారం, సాయంత్రం 6:45

గైడ్‌లు 3 మీటర్ల సీమ్ మోడల్‌ను ఎందుకంత ఇష్టపడతారో నాకు తెలుసు. యూరప్ పేపర్లన్నీ రెండు మూడు మీటర్ల సీములవే. మన గోదావరి లోయలో లాంగ్‌వాల్ (పొడవాటి బొగ్గు ముఖాన్ని యంత్రంతో కోసే పద్ధతి) నడిపిన మందపాటి సీముల కథ వేరు. 6 మీటర్లు వేసి చూడండి. ఎయిరీ ఫేజ్ 115-120 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, తరంగదైర్ఘ్యం 13 మీటర్లు. ఇప్పుడు 3 మీటర్ల త్రో ఉన్న ఫాల్ట్ అంటే సీమ్‌లో సగమే. తరంగం పెద్దగా ఇబ్బంది పడకుండా దాటేస్తుంది, రికార్డు చూసినవాడు దారి సాఫీగా ఉందంటాడు. షియరర్‌కి (బొగ్గు కోసే యంత్రానికి) మాత్రం 3 మీటర్లు 3 మీటర్లే. రాయి కోయాలి, రూఫ్ పట్టదు, సపోర్టులు నిలవవు. తరంగానికి చిన్నదైన ఫాల్ట్ యంత్రానికి చిన్నది కానక్కర్లేదు. నా దృష్టిలో మోడలింగ్ అసలు ప్రయోజనం ఇదే. ఏది కనపడుతుందో చూపించడం కన్నా, ఈ సీమ్‌లో ఎంత త్రో వరకు మనకి కనపడకుండా పోతుందో షాట్ (తరంగం పుట్టించే చిన్న పేలుడు) పేల్చకముందే చెప్పడం.

ఇంకా, బరాకర్ (మన బొగ్గు ఎక్కువగా ఉండే రాతి శ్రేణి) సీముల్లో షేల్, క్లే బ్యాండ్లు మామూలు. సీమ్ నడుమ అర మీటరు క్లే ఉంటే అది ఒకే కాలువ కాదు, రెండు పిల్ల కాలువలు. డిస్పర్షన్ వక్రరేఖ ఆకారమే మారిపోతుంది. రూఫ్, ఫ్లోర్ ఒకే రాయి అనుకోవడం కూడా అరుదుగానే నిజం. రూర్ వేగాలు తెచ్చి పెట్టకండి, ఆ ప్రాంతపు బోర్‌హోల్‌లో సోనిక్ లాగ్, డెన్సిటీ లాగ్ (లోతు వెంట వేగం, సాంద్రత కొలతలు) సంపాదించండి.

గ్రిడ్‌రాక్షసుడు | మంగళవారం, రాత్రి 8:20

ఇక్కడ నాదో మొండి ప్రశ్న. ఇన్ని తంటాలు ఎందుకు? పై నుంచి త్రీ-డీ సైస్మిక్ చేసేస్తే? లేదంటే గేట్ రోడ్డు (తవ్వబోయే బొగ్గు దిమ్మ పక్క దారి) నుంచి సీమ్‌లో పొడవాటి అడ్డం బోర్ వేసేస్తే? బోర్ అబద్ధం చెప్పదు.

ధన్‌బాద్_పాతకాపు | మంగళవారం, రాత్రి 9:15

300 మీటర్ల లోతు, రాతిలో పీ (ముందుకీ వెనక్కీ కుదిపే) తరంగ వేగం 3000, చేతికొచ్చే ఫ్రీక్వెన్సీ 80 హెర్ట్జ్ అనుకుందాం. తరంగదైర్ఘ్యం 37 మీటర్లు, విడిగా కనపడాలంటే కావాల్సిన నాలుగో వంతు 9 మీటర్ల పైనే. మంచి డేటా ఉంటే అంతకన్నా చిన్న త్రో కూడా అనుమానించొచ్చు, కానీ 2-3 మీటర్లది పై నుంచి చూడడం కష్టం. పెద్ద ఫాల్ట్‌లకి అది కావాలి, కాదనను.

బోర్ అబద్ధం చెప్పదు, నిజమే. అది వెళ్లిన గీత మీదే నిజం చెప్తుంది. 200 మీటర్ల వెడల్పున్న ప్యానెల్‌కి (తవ్వబోయే దిమ్మకి) రెండు బోర్లు వేస్తే వాటి మధ్య జాగా గురించి దానికేం తెలుసు? పైగా బోర్ రాడ్ సీమ్‌లోంచి జారి రూఫ్‌లోకి పోతే అది ఫాల్టా, దారి తప్పడమా అని మళ్లీ ఒక రోజు తగాదా.

గనిమామ | మంగళవారం, రాత్రి 9:50

బోర్ తోని తగాదా అన్నది నిజం. గని ఒకటి మర్చిపోతున్నరు. బాయిల షాట్ పేల్చుడంటె మీ ఇష్టమొచ్చినట్టు కాదు. పర్మిటెడ్ (గ్యాస్ అంటుకోకుండ, గనికి అనుమతి ఉన్న) మందుగుండే వాడాలె, గ్యాస్ చూడాలె, షాట్‌ఫైరర్ ఉండాలె. మీ రికార్డింగ్ డబ్బా కూడ గ్యాస్‌ల నిప్పు పుట్టనిదై ఉండాలె. అవన్నీ ఐనంక మేం ఉత్పత్తి ఆపి మీకు టైమ్ ఇయ్యాలె. ఒక షిఫ్ట్ ఇచ్చుడే ఎక్కువ. అందుకే ఏడ షాట్ పెట్టాల్నో, ఏడ జియోఫోన్ (కంపనం పట్టే సెన్సర్) పెట్టాల్నో ముందుగాల కాగితం మీద తేల్చుకొని రాండ్రి.

గ్రిడ్‌రాక్షసుడు | మంగళవారం, రాత్రి 10:30

సరే, మామ మాటకి ఎదురు చెప్పను. ఉత్పత్తి ఆపే ఖర్చుతో పోలిస్తే సర్వర్ అద్దె ఏపాటి. బోర్ మీద నా ప్రేమ మాత్రం అలాగే ఉంది. సైస్మిక్ అనుమానం చెప్తుంది, బోర్ సాక్ష్యం చెప్తుంది. రెండూ కావాలి.

త్రీ-డీకి పోదామనుకునేవాళ్లకి హెచ్చరిక. 400 × 400 × 100 మీటర్ల దిమ్మ, 25 సెంటీమీటర్ల గడి అంటే 102 కోట్ల గడులు. ఒక్కో గడికి 3 వేగాలు, 6 ఒత్తిళ్లు, పైగా 3 పదార్థ విలువలు. సింగిల్ ప్రెసిషన్‌లో దాదాపు 49 గిగాబైట్లు, పీఎంఎల్ కాక. లాప్‌టాప్‌ని క్షమించండి.

తరంగిణి | బుధవారం, ఉదయం 8:30

త్రీ-డీ కావాల్సిన చోటు ఒకటుంది. ఫాల్ట్ స్ట్రైక్‌కి (ఫాల్ట్ అడ్డంగా సాగే దిశకి) తరంగం ఏటవాలుగా వస్తే ఎస్‌హెచ్ విడిగా ఉండదు, పీ-ఎస్‌వీతో (పీ, నిలువు కోతలోనే ఊగే ఎస్‌తో) కలిసిపోతుంది. లవ్ రకం (ఎస్‌హెచ్) తరంగం వెళ్లి రేలీ రకంగా (పీ-ఎస్‌వీగా) తిరిగొస్తుంది. టూ-డీ కోతలో ఇది కనపడదు. ఎంటెక్ ప్రాజెక్టుకి ఇదంతా అక్కర్లేదు, కానీ రిపోర్టులో ఒక పేరా రాయి, లేకపోతే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కచ్చితంగా అడుగుతారు.

శ్రీకర్_ఎంటెక్ | బుధవారం, రాత్రి 7:55

అందరికీ ధన్యవాదాలు. చేసినవి చెప్తాను.

రిసీవర్లను సీమ్ అడ్డంగా పెట్టి కూడికా తీసివేతా చేశాను. నిలువు ఫాల్ట్‌కి తీసివేత ట్రేసులో కూడా కొంచెం కనపడింది. త్రో వల్ల అవతల సీమ్ ఒకవైపే ఉంటుంది కాబట్టి పూర్తి సున్నా రాలేదనుకుంటున్నా. 60 డిగ్రీలకి మాత్రం తీసివేత ట్రేసులో స్పష్టమైన తరంగం, తరంగిణి గారు అన్నట్టే ఎయిరీ ఫేజ్ కన్నా ముందు వస్తోంది. స్నాప్‌షాట్‌లో రాతిలోకి పోయే వంపు తరంగమూ ఉంది.

వేవ్‌లెట్ 120 హెర్ట్జ్‌కి దించితే నిలువు, వాలు ఫాల్ట్‌ల మధ్య తేడా బాగా తగ్గింది. కానీ నిలువుదాని రిఫ్లెక్షనే బలహీనపడింది, తరంగం చాలావరకు రాతిలో ఉండి ఫాల్ట్‌ని పట్టించుకోకుండా దాటిపోతోంది. ట్రాన్స్‌మిషన్ (ఫాల్ట్ దాటి అవతలికి వెళ్లిన తరంగం) ట్రేసులు చూస్తే అర్థమైంది.

మామయ్య చెప్పిన నాలుగు మెట్ల ఫాల్ట్ కూడా పెట్టాను, మెట్టుకీ మెట్టుకీ 5 మీటర్లు. రిఫ్లెక్షన్ చదవడం నాకైతే కష్టంగా ఉంది, పొడవాటి తోకలా వస్తోంది. అవతలి వైపు రిసీవర్లలో మాత్రం పై ఫ్రీక్వెన్సీలు తగ్గినట్టు బాగా తెలుస్తోంది. అందుకే గైడ్‌తో మాట్లాడి, రెండు గేట్ రోడ్ల మధ్య ట్రాన్స్‌మిషన్ సర్వేని కూడా ప్రాజెక్టులో కలుపుతున్నా.

ఒక ప్రశ్న మిగిలింది. నిజం సర్వేలో జియోఫోన్ల మధ్య దూరం ఎంత ఉండాలి? తరంగదైర్ఘ్యం ఆరున్నర మీటర్లయితే 3 మీటర్లకి ఒకటి కావాలా? 200 మీటర్లకి అన్ని ఎవరిస్తారు?

ధన్‌బాద్_పాతకాపు | బుధవారం, రాత్రి 8:40

సగం తరంగదైర్ఘ్యం లెక్క జియోఫోన్ లైన్ వెంబడే పోయే తరంగానికి. ప్యానెల్ లోపల ఉన్న, గేట్ రోడ్డుకి దాదాపు సమాంతరంగా పోయే ఫాల్ట్ నుంచి రిఫ్లెక్షన్ లైన్ మీదకి ఎదురుగా వస్తుంది. లైన్ మీద కనపడే తరంగదైర్ఘ్యం చాలా ఎక్కువ కాబట్టి 5 మీటర్లు సరిపోతుంది. రోడ్డు గోడ వెంట పాకే తరంగాలు మాత్రం ఏలియాస్ అవుతాయి (జియోఫోన్లు దూరం కావడంతో తప్పుడు తరంగంలా కనపడతాయి), వాటిని ఎఫ్-కె (ఫ్రీక్వెన్సీ, లైన్ వెంట వేగాన్ని బట్టి వేరుచేసే) ఫిల్టర్‌తో శుభ్రంగా తీయలేరు. అవి ఏ టైమ్‌కి వస్తాయో నీ మోడల్‌లో రోడ్డు ఖాళీని కూడా పెట్టి ముందే చూసుకో. దానికి నిలువు కోత కాకుండా సీమ్ ప్లాన్‌లో టూ-డీ మోడల్ చాలు, బొగ్గు వేగం బదులు ఎయిరీ ఫేజ్ దగ్గరి వేగం పెట్టి.

తరంగిణి | బుధవారం, రాత్రి 9:02

ప్లాన్ మోడల్‌లో డిస్పర్షన్ ఉండదు, కాబట్టి టైమ్‌లు మాత్రమే నమ్ము, ఆకారాలు నమ్మకు. ఫేజ్ వేగమా గ్రూప్ వేగమా అన్నది కూడా తేల్చుకోవాలి. ఎన్వలప్ (తరంగ గుంపు మొత్తం వచ్చే) టైమ్ కావాలంటే 900 పెట్టు. ఇంకొకటి, జియోఫోన్ రంధ్రం రోడ్డు గోడ నుంచి రెండు మీటర్లయినా లోపలికి పోనివ్వు, గోడ పక్క బొగ్గు పగిలి ఉంటుంది. అన్నీ నడిమి గీత మీద కాకుండా మధ్యమధ్య కొన్ని రూఫ్ దగ్గర పెట్టించు.

గనిమామ | బుధవారం, రాత్రి 9:20

రూఫ్ దగ్గర రంధ్రం పెట్టాల్నంటె రూఫ్ బోల్ట్‌లు ఏడున్నయో సర్వే ఆఫీసుల ప్లాన్ అడిగి తీస్కో తమ్మీ. డ్రిల్లర్‌ని ఊకె నిలవెట్టకు.